కమోడోర్ 64కు క్యాసెట్ రికార్డర్ లేదు: మూడు ట్రాన్సిస్టర్లతో ప్రయత్నం, 'ఫౌండ్' రావడం లేదు

పెరంబూరు వాసి:
మామయ్య దాచుకున్న 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమోడోర్ 64 నా చేతికి వచ్చింది. యంత్రం చక్కగా ఉంది, టేపు నుంచి ప్రోగ్రాములు ఎక్కించే క్యాసెట్ రికార్డర్ మాత్రం పోయింది. ఆ పని ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రాము బోర్డుతో, మూడు బీసీ547 ట్రాన్సిస్టర్లతో చేయించాలని కూర్చున్నాను. క్యాసెట్ పోర్టులోని సెన్స్ పిన్ను గ్రౌండ్‌కు తగిలితే ప్లే మీట నొక్కినట్లే. అందుకని ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ సెన్స్‌కు, బేస్ 4.7 కిలో ఓమ్‌ల మీదుగా ఆర్డుయినోకు కలిపాను. ఇది పనిచేసింది, తెర ఖాళీ అయింది. టేపు సంకేతం అందుకునే రీడ్ పిన్నుకూ ఇలాంటిదే పెట్టాను. కానీ ఎంతసేపు చూసినా, ప్రోగ్రాము దొరికిందని తెరపై చెప్పే 'ఫౌండ్' రాదు. మూడు రాత్రులుగా ఇదే వరస.

అడయారు టంకం:
రెండోదీ బీసీ547యేనా? చదును వైపు మనకు ఎదురుగా పట్టుకుంటే దాని కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు సరిగ్గా తిరగేసి ఉంటాయి. ఒకే డబ్బాలో కలిపి పెట్టుకుని నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

వేళచ్చేరి:
రికార్డర్ మోటారుకు కరెంటు ఇచ్చే మోటారు పిన్నును నేరుగా ఆర్డుయినోకు ఇవ్వకండి, అక్కడ సుమారు 6 వోల్టులు ఉంటాయి. మూడో ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలో ఓమ్‌ల గుండా ఇవ్వండి, బేస్ నుంచి గ్రౌండ్‌కు ఇంకో 47 కిలో ఓమ్‌లు వేయండి. మోటారు ఆగినప్పుడు ఆర్డుయినో కూడా ఆగాలి. లేకపోతే పేరు దొరికాక యంత్రం కాసేపు ఆగేలోగా అసలు ప్రోగ్రాము దాటిపోతుంది.

గిండీ పాతసామాను:
ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకున్నాక మూసుకోవడానికి ఆలస్యం చేస్తుంది కదా, దాన్ని తగ్గించే షాట్కీ డయోడ్ పెట్టి చూశారా?

అడయారు టంకం:
ఇక్కడ దాని అవసరం లేదండీ. ఆ ఆలస్యం ఏవో కొద్ది మైక్రోసెకండ్లు. ఇక్కడ అతి పొట్టి పల్సే 352 మైక్రోసెకండ్లు.

పెరంబూరు వాసి గారూ, మీ ప్రోగ్రాము ప్రతి పల్సునూ కిందికి దింపి మొదలుపెడుతోందా? అయితే చిక్కు అక్కడే ఉంది. యంత్రం కొలిచేది సంకేతం ఒకసారి దిగినప్పటి నుంచి మళ్లీ దిగేవరకు. మీ ట్రాన్సిస్టర్ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి, ఒక పల్సు చివరి సగం, తర్వాతి పల్సు మొదటి సగం కలిపి కొలుస్తుంది. సున్నా బిట్టుకు పొట్టి పల్సు, ఆ వెంటనే 512 మైక్రోసెకండ్ల మధ్యస్థ పల్సు వస్తాయి. ఒకటి బిట్టుకు ఇదే వరుస తిరగబడుతుంది. వాటి సగాలు 176, 256 కలిస్తే 432. అది పొట్టీ కాదు, మధ్యస్థమూ కాదు. డేటాకు ముందు వచ్చే ఆరంభ సంకేతం, అంటే లీడర్‌లో అన్నీ పొట్టివే కనుక అక్కడ తేడా బయటపడదు. ప్రోగ్రాములో పైకి, కిందికి తారుమారు చేయండి, చాలు.

పెరంబూరు వాసి:
ఒక్క వరుస మార్చాను. 'ఫౌండ్', పక్కన ఆట పేరు! మోటారు ఆగింది, ఆర్డుయినో ఆగింది, మళ్లీ రెండూ కదిలాయి. మామయ్యకు అప్పుడే ఫోను చేశాను. అడయారు గారూ, వేళచ్చేరి గారూ, ఎంతో రుణపడి ఉన్నాను.

గిండీ పాతసామాను:
చాలా సంతోషం. క్యాసెట్ పోర్టుకు తగిలించే కనెక్టర్ ఎక్కడ దొరికింది?

పెరంబూరు వాసి:
చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో 3.96 మిల్లీమీటర్ల ఎడంతో 6 జతలది దొరకలేదు. పొడవాటిది కొని రంపంతో కోసి, ఆకురాయితో నునుపు చేశాను. గాడిలో చిన్న ప్లాస్టిక్ ముక్క తప్పక అతికించండి. తిప్పి గుచ్చితే మోటారు 6 వోల్టులు రీడ్ తీగ మీదికి వస్తాయి.