బిడ్గోష్చ్‌లో పని, కాగితాలు టొరూన్‌లోనా? పోలండ్‌లో కుయావ్‌స్కో-పొమోర్‌స్కియే ప్రావిన్స్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం: బిడ్గోష్చ్‌లో వెల్డర్ పని వచ్చింది. టీఆర్‌సీ (తాత్కాలిక నివాస కార్డు) దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? అద్దెలెలా ఉన్నాయి? ఈ పని పోతే చుట్టుపక్కల ఇంకోటి దొరుకుతుందా? ప్రావిన్స్ రాజధాని టొరూన్ కాబట్టి కాగితాలన్నీ అక్కడేనంటున్నాడు ఏజెంటు. విడిగా డబ్బులడుగుతున్నాడు.

మెడికో_బి: ఇవ్వకండి! నన్నూ ఒక ఏజెంటు టొరూన్ యూనివర్సిటీ అని చేర్పించి, అక్కడే గదికి అడ్వాన్సు కట్టించాడు. తీరా చూస్తే మెడికల్ కాలేజీ బిడ్గోష్చ్‌లో. ఇక్కడి మెడికల్ అకాడమీని 2004లోనే టొరూన్‌లోని కోపర్నికస్ యూనివర్సిటీలో కలిపేశారు. ఆ డబ్బు ఇంతవరకు రాలేదు.

టొరూన్ కోడలు: ఏజెంటు సంగతి వదిలేయండి, రాజధాని మాత్రం టొరూనే. జనం ఎన్నుకున్న సెయ్మిక్ (ప్రావిన్స్ సభ), ప్రావిన్స్ పాలన నడిపే మార్షల్ ఇక్కడే ఉంటారు. యూరప్ నిధులు, లోకల్ రైళ్లు, ప్రావిన్స్ రోడ్లు, ప్రావిన్స్ ఆసుపత్రులు అన్నీ మార్షల్ చేతిలోవే.

బ్రదా ఒడ్డు: అక్కా, సగమే చెప్పారు. ప్రధాని నియమించే వొయెవోదా, అంటే గవర్నర్ లాంటి ఆయన, ఉండేది బిడ్గోష్చ్‌లో. వర్క్ పర్మిట్, టీఆర్‌సీ ఇచ్చేది ఆయన ఆఫీసే, మార్షల్ కాదు. మా ఊరి జనం మూడు లక్షల పైమాటే, మీకు రెండు లక్షలు కూడా లేరు. విమానాశ్రయమూ మాదే.

టొరూన్ కోడలు: జనాభా చూసి రాజధాని చేస్తారా తమ్ముడూ? వొయెవోదా ఆఫీసుకు టొరూన్‌లో, వొత్స్వావెక్‌లో కూడా శాఖలున్నాయి. మా పాత ఊరు 1997లో యునెస్కో జాబితాకెక్కింది. మీకేముంది?

బ్రదా ఒడ్డు: పెసా ఉంది. అది చేసే ట్రామ్‌లు, రైళ్లు దేశమంతా నడుస్తున్నాయి. యునెస్కో బోర్డు వెల్డర్‌కి జీతమిస్తుందా?

వొత్స్వావెక్ వాసి: మీ రెండూళ్ల గొడవలో మమ్మల్ని తలిచేదెవరు? 1998 దాకా మాదీ ఒక ప్రావిన్స్ రాజధానే. 1999లో 49 ప్రావిన్సులను 16 చేసినప్పుడు మూడూళ్ల ప్రావిన్సులూ కలిపి, ఆఫీసులు మీరిద్దరే పంచుకున్నారు. విస్తులా నది మీద 1970 నాటి జలవిద్యుత్ కేంద్రం, ఎరువుల ఫ్యాక్టరీ ఆన్విల్ ఉన్నది మా దగ్గరే.

పాతకాపు: ఇరవై ఏళ్లుగా ఈ ప్రావిన్స్‌లో సరుకు తోలుతున్నాను, నాకు తెలియని రోడ్డు లేదు. ఊళ్ల పేర్లతో కొట్టుకోకండి, నేల చూడండి. దక్షిణాన కుయావీ ప్రాంతపు నల్లమట్టిలో చక్కెర దుంప, గోధుమ. ఇనోవ్రొత్స్వావ్ కింద ఉప్పు. మొగిల్నోలో ఆ ఉప్పుపొరను తొలిచి గ్యాసు దాస్తారు. క్రుష్విత్సాలో నూనె మిల్లు. పని కావాలంటే దక్షిణానికి రండి.

టొరూన్ కోడలు: దక్షిణాన చెహొచినెక్ అనే ఆరోగ్య విడిది ఊరి ఉప్పునీటి గాలి మా అత్తగారి ఆయాసానికి బాగా పనిచేసింది.

కృష్ణాతీరం: అందరికీ దండాలు. ఇంతకీ టీఆర్‌సీ?

బ్రదా ఒడ్డు: బిడ్గోష్చ్‌లో ఉంటే వొయెవోదా ఆఫీసు ఊళ్లోనే. వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేయాల్సింది కంపెనీ. ఏజెంటుకి పైసా ఇవ్వకు తమ్ముడూ.

మెడికో_బి: నేనూ అదే మొత్తుకుంటున్నా. అద్దె సంగతి నాకు మెసేజ్ పెట్టండి, మా వీధిలో గది ఖాళీగా ఉంది.