నాన్న శ్రీలంకలో పనిచేసిన కాలం కాగితాలు ఎలా అడగాలి?

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో హవల్దారుగా రిటైరయ్యారు. పోయిన ఏడాది కాలం చేశారు. 1987 అక్టోబరు నుంచి 1989 దాకా భారత శాంతి పరిరక్షక దళంతో, అంటే ఐపీకేఎఫ్‌తో, శ్రీలంకలో ఉన్నారు. పంజాబ్ పోస్టింగు గురించీ సిక్కిం చలి గురించీ గంటలు గంటలు చెప్పేవారు. శ్రీలంక మాట ఎత్తితే మాత్రం లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. దీపావళికి మా ఇంట్లో టపాకాయలు కాల్చనిచ్చేవారు కాదు.

ఆయన ఎక్కడ ఉన్నారో, ఏం చూశారో తెలుసుకోవాలని నా పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. రెండు ప్రశ్నలు అడిగాను. ఒకటి, శ్రీలంకకు సైన్యాన్ని ఎందుకు పంపారు? రెండు, జాఫ్నా పట్టణం పట్టుకోవడానికి ఐపీకేఎఫ్ చేసిన ఆపరేషన్ పవన్‌లో మా నాన్నగారి యూనిట్ పూర్తి వివరాలు ఇవ్వండి. ఒక్క లైను జవాబు వచ్చింది: "సెక్షన్ 8(1)(ఎ) ప్రకారం ఇవ్వడం కుదరదు." అంతే. ఆ ఉత్తరం అంది 22 రోజులైంది. దాదాపు 40 ఏళ్ల కిందటి సంగతిలో ఇంకా దాచేది ఏముంటుంది? ఏదో పెద్ద తప్పు జరిగిందని కదా అనుమానం వచ్చేది? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు (విజయవాడ నుంచి)

ఐపీకేఎఫ్ వెనక్కి వచ్చేసింది 1990 మార్చిలో. చట్టంలో 20 ఏళ్లు దాటిన సంగతులు ఇవ్వాల్సిందే అని ఉంది, సెక్షన్ 8(3). అదొక్కటే రాసి అప్పీలు పడేయండి మేడం, ఇచ్చి తీరాలి.

జవాబు (వరంగల్ నుంచి, సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతుంటాను)

అక్కా, పైన చెప్పిన మాట సగమే నిజం. దాన్నే నమ్ముకుంటే అప్పీలు అక్కడే ఆగిపోతుంది. 8(3)లో 20 ఏళ్ల నియమం ఉన్న మాట వాస్తవమే. కానీ మూడు మినహాయింపులను ఆ నియమం ముట్టుకోదు. అందులో మొదటిదే 8(1)(ఎ): దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాలు, పరాయి దేశంతో సంబంధాలు. మిగతా రెండు సభాహక్కులు, కేబినెట్ కాగితాలు. అంటే 40 ఏళ్లయినా 8(1)(ఎ) కింద కాదనే వీలు వాళ్లకు ఉంది.

మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. సెక్షన్ 19(5) చూడండి. అప్పీలులో, ఇవ్వకపోవడం సబబేనని రుజువు చేసుకోవాల్సిన బరువు అధికారిదే, మీది కాదు. సెక్షన్ నంబరు రాస్తే చాలదు, ఈ కాగితం బయటికొస్తే ఏ ప్రయోజనానికి ఎలా దెబ్బ తగులుతుందో చెప్పాలి. సెక్షన్ 10 ప్రకారం ఒక పేజీలో రెండు లైన్లు రహస్యమైతే ఆ రెండు లైన్లు కొట్టేసి మిగతా పేజీ ఇవ్వాలి. మినహాయింపు ఉన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) చెబుతుంది. ఎవరైనా "అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్" అంటే భయపడకండి. 1923 నాటి ఆ చట్టం కన్నా సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని సెక్షన్ 22లో రాసి ఉంది.

మొదటి అప్పీలుకు గడువు ఉత్తరం అందినప్పటి నుంచి 30 రోజులు. అంటే మీకు ఎనిమిది రోజులే ఉంది. కేంద్ర కార్యాలయాలకు మొదటి అప్పీలుకు ఫీజు లేదు. తెల్లకాగితం మీద రాసి, పాత దరఖాస్తు, వాళ్ల జవాబు నకళ్లు పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త. అక్కడా కాదంటే 90 రోజుల్లోగా ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అయితే అసలు లోపం మీ ప్రశ్నల్లోనే ఉంది. ఏమీ అనుకోకండి. "ఎందుకు పంపారు" అన్నదానికి ఏ సమాచార అధికారీ జవాబు చెప్పనక్కర్లేదు. రికార్డులో ఉన్న కాగితం ఇవ్వడం వరకే వాళ్ల పని, కారణాలు కూర్చి చెప్పడం కాదు. ఇది సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఇక "పూర్తి వివరాలు" అంటే అందులో రహస్యం, రహస్యం కానిది అన్నీ కలిసిపోతాయి. అధికారికి మొత్తం కాదనడం తేలిక. అందుకే అప్పీలు ఒక పక్క నడుస్తుండగానే కొత్త దరఖాస్తు పెట్టండి. మీ పేరు మీద కాదు, అమ్మగారి పేరు మీద. పోయినవాళ్ల సర్వీసు రికార్డు కూతురు అడిగితే "ఇది మూడో వ్యక్తి సమాచారం" అంటారు. కుటుంబ పింఛను తీసుకుంటున్న భార్య అడిగితే ఆ మాట అనడం కష్టం. మరణ ధ్రువపత్రం, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకళ్లు జత చేయండి.

ప్రశ్నలు ఇలా ఉండాలి:

"నా భర్త 1987 అక్టోబరు 1 నుంచి 1989 డిసెంబరు 31 వరకు పనిచేసిన యూనిట్ల పేర్లు, ప్రతి యూనిట్‌లో చేరిన తేదీ, విడిచిన తేదీ ఉన్న సర్వీసు రికార్డు పేజీల నకళ్లు ఇవ్వగలరు."

"ఆ కాలంలో ఆయనకు తగిలిన గాయాలు, ఆసుపత్రి చికిత్స, వచ్చిన పతకాలు నమోదైన పేజీల నకళ్లు ఇవ్వగలరు."

"ఆ యూనిట్ 1987 అక్టోబరు నెల వార్ డైరీ ప్రస్తుతం ఏ కార్యాలయం ఆధీనంలో ఉందో తెలపగలరు. వేరే కార్యాలయానికి పంపి ఉంటే పంపిన లేఖ నకలు ఇవ్వగలరు."

మూడోది చూడండి. వార్ డైరీ అంటే యుద్ధంలో యూనిట్ రోజువారీ రాసే నమోదు. అందులో ఏముందని అడగడం లేదు, ఎక్కడుందని అడుగుతున్నాం. కాగితం ఎక్కడుందో చెబితే దేశభద్రతకు ముప్పని ఎవరూ రాయలేరు. అది తెలిశాక రెండో అడుగు. ఫీజు 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు. ఎందుకు కావాలో రాయనక్కర్లేదు.

జవాబు (సికింద్రాబాద్ నుంచి, మాజీ సైనికుడు)

అమ్మా, నాన్నగారు మద్రాస్ సాపర్స్ అన్నావు కాబట్టి సర్వీసు రికార్డు బెంగళూరులోని ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) రికార్డ్స్‌లో ఉంటుంది. ఢిల్లీకి రాయొద్దు. డిశ్చార్జి బుక్కు మీదున్న ఆర్మీ నంబరు ప్రతి కాగితం మీదా వేయి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అమ్మను తీసుకెళ్తే, ఈ హక్కు చట్టం లేకుండానే మామూలు ఉత్తరంతో కొన్ని వివరాలు తెప్పించే అవకాశం ఉంది. ముందు ఆ తలుపు తట్టు.

ఇక నువ్వడిగిన "ఎందుకు". 54 డివిజన్ సికింద్రాబాద్‌దే. 1987లో దానితో వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మాకు తెలిసింది ఒక్కటే: శ్రీలంక సైన్యానికీ తమిళ మిలిటెంట్లకూ మధ్య నిలబడాలి, ఆయుధాలు అప్పజెప్పించుకోవాలి. ఆగస్టులో జాఫ్నా జనం మమ్మల్ని ఆదరంగా చూశారు. అక్టోబరు వచ్చేసరికి అవే రోడ్ల కింద తమిళ మిలిటెంట్లు, అంటే ఎల్టీటీఈ వాళ్లు, పెట్టిన మందుపాతరలు. వాటిని వెతికి తీసేది మీ నాన్నలాంటి సాపర్లే. అందరికన్నా ముందు నడిచేది వాళ్లు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు 30 మందిలో 29 మంది మర్నాటికి లేరు. ఒకడు పట్టుబడ్డాడు. మొత్తం మీద మనవాళ్లు 1,100 మందికి పైగా పోయారు.

అంతమంది పోతే ఊళ్లో మనల్ని ఎవరూ ఏమీ అడగలేదమ్మా. 1990 మార్చిలో చివరి ఓడలు మద్రాసు చేరినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి రానన్నారు. అటు శ్రీలంకలో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989లోనే వెళ్లిపొమ్మన్నారు. పంపినవాళ్లు ఇలా ఎందుకైందో చెప్పలేదు, ఇంటికొస్తే మనవాళ్లు మొహం తిప్పుకున్నారు. మీ నాన్న పెరట్లోకి వెళ్లిపోయారంటే నాకు అర్థమవుతుంది. నేనూ నా పిల్లలకు ఏమీ చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు

బాబాయ్ గారూ, మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక మాట అడగాలి, ఎలా అడగాలో తెలియడం లేదు. 1987 దీపావళి రోజు, అక్టోబరు 21న, జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారని చదివాను. మా ఇంట్లో దీపావళి సంగతి చెప్పాను కదా. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ కాగితాలు తెప్పించడం మంచిదేనా?

జవాబు (సికింద్రాబాద్)

అది జరిగిందమ్మా. ఎదురుకాల్పుల్లో పోయారని మనవైపు వాళ్లు అన్నారు. లోపల దాక్కుని బతికిన డాక్టర్లు, నర్సులు వేరేగా చెప్పారు. చేతులెత్తి బయటికొచ్చిన డాక్టరును కూడా కాల్చారన్నారు. నేను అక్కడ లేను. కానీ అబద్ధమని నేను అనను.

మీ నాన్న అక్కడ ఉన్నారని మాత్రం అనుకోవద్దు. దీపావళి చప్పుడు నాకూ పడదు, నేను ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. మందుపాతర పేలినప్పుడు పక్కనున్నవాడికి ఆ చప్పుడు జన్మంతా ఉంటుంది. ఏది నిజమో చెప్పే కాగితాలు ఉన్నాయి. బయటికి రానంతకాలం నీలాంటి పిల్లలు ప్రతిదీ తమ ఇంటి మీదికే తెచ్చుకుంటారు. ఆ రోజు ఎవరెక్కడ ఉన్నారో రాసి చూపిస్తే, లేనివాళ్ల మీద నింద ఉండదు, పోయినవాళ్ల కుటుంబాలకు జవాబు దొరుకుతుంది. ఆ జాఫ్నా పిల్లలకు కూడా జవాబు కావాలి కదా. తెప్పించు.

జవాబు (గుంటూరు నుంచి, చరిత్ర బోధిస్తాను)

"ఎందుకు పంపారు" అన్నదానికి దరఖాస్తు అక్కర్లేని కాగితాలు చాలానే ఉన్నాయి. ఎక్కడ చూడాలో చెబుతాను.

ముందు ఒప్పందం పాఠం చదవండి. శాంతి దళం సంగతి అసలు ఒప్పందంలో కాదు, అనుబంధంలో ఉంది. కాల్పుల విరమణకు హామీగా, అవసరమైతే, భారత శాంతి దళాన్ని శ్రీలంక అధ్యక్షుడు ఆహ్వానించవచ్చు అని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం మీద మొదలై నాలుగు డివిజన్ల దాకా వెళ్లింది. ఇద్దరు నాయకుల మధ్య నడిచిన ఉత్తరాలూ ఉన్నాయి. వాటిలో ట్రింకోమలీ రేవు, అక్కడి చమురు ట్యాంకుల ప్రస్తావన ఉంది. తమిళుల రక్షణతో పాటు మన లెక్కలు ఇంకేమున్నాయో అక్కడ కనిపిస్తాయి.

తరవాత పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో 1987 నవంబరు నుంచి 1990 దాకా లోక్‌సభ చర్చలు చూడండి. ఏ తేదీన మంత్రి సభకు ఎంతమంది పోయారని చెప్పారో రాసుకోండి. మీ దరఖాస్తులో "ఫలానా తేదీ సభలో చెప్పిన సంఖ్యకు ఆధారమైన కాగితం" అని అడగొచ్చు. సభ ముందు పెట్టిన సమాధానానికి ఆధారం రహస్యమని అనడం కష్టం.

మూడోది జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక. 1991 మే 21న రాజీవ్ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్లి, ఆ రాత్రే శ్రీపెరంబుదూరులో హత్యకు గురయ్యారు కదా. ఆ కుట్ర మీద వేసిన కమిషన్ ఇది. 1983 నుంచి తమిళ మిలిటెంట్లకు మన గడ్డ మీద ఆశ్రయం, శిక్షణ ఎలా అందాయో అందులో ఉంది. అప్పట్లో ప్రభుత్వం బయటికి ఒప్పుకోని విషయం అది. మనం శిక్షణ ఇచ్చినవాళ్లతోనే మన జవాన్లు పోరాడాల్సి వచ్చింది. నా దృష్టిలో జనానికి నమ్మకం పోయింది ఇక్కడే. యుద్ధంలో ఓటమిని జనం క్షమిస్తారు. ముందే తెలిసిన సంగతి దాచి పిల్లల్ని పంపారంటే క్షమించరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం తెచ్చింది. సాధారణంగా 25 ఏళ్లకు యుద్ధ రికార్డులను రహస్య జాబితా నుంచి తీసేయాలి, వార్ డైరీలు రక్షణ శాఖ చరిత్ర విభాగానికి చేరాలి, నిపుణులు చూశాక నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఐపీకేఎఫ్‌కు ఆ 25 ఏళ్లు 2015లోనే నిండాయి. కాబట్టి రక్షణ శాఖకు విడిగా ఇంకో దరఖాస్తు పెట్టండి: "2021 విధానం కింద ఆపరేషన్ పవన్‌కు సంబంధించి నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించిన ఫైళ్ల జాబితా ఇవ్వగలరు." జాబితా మాత్రమే అడగండి.

ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకండి. 1962 చైనా యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు, 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగం ప్రచురించాకా పెట్టలేదు.

జవాబు (వరంగల్)

సార్ చెప్పిన రెండో దరఖాస్తు అక్క పేరు మీదే పెట్టొచ్చు, అది కుటుంబ సమాచారం కాదు కాబట్టి. రెండూ కలిపి ఒకే కాగితం మీద మాత్రం రాయకండి. ఇంటెలిజెన్స్ సంస్థలకు రాయకండి, సెక్షన్ 24 కింద అవి చట్టం బయట ఉన్నాయి. మానవ హక్కుల ఉల్లంఘన, అవినీతి ఆరోపణలకు మాత్రమే అక్కడ సందు ఉంది. సైన్యానికి ఆ మినహాయింపు లేదు.

ప్రశ్న అడిగినవారు

అప్పీలు ఈరోజు పోస్టు చేశాను. కొత్త దరఖాస్తు మీద అమ్మ సంతకం పెట్టింది. పెట్టాక లోపలికి వెళ్లి నాన్న ట్రంకుపెట్టెలోంచి ఒక గుడ్డసంచి తెచ్చింది. శ్రీలంక నుంచి నాన్న రాసిన ఉత్తరాలట, నలభై దాకా ఉన్నాయి. ఊరి పేరు ఎక్కడా లేదు. పంపినవారి చిరునామాలో 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంది. ఇవి దేనికైనా పనికొస్తాయా?

జవాబు (సికింద్రాబాద్)

ఎందుకు పనికిరావమ్మా! 56 ఏపీఓ చాలా యూనిట్లకు ఒకటే, దాన్ని వదిలేయ్. ఉత్తరం మీద పడిన గుండ్రటి పోస్టు ముద్ర చూడు. అందులో ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ ఉంటాయి. ఉత్తరాలు తేదీల వరసలో పేర్చి, నంబరు మారిన చోటల్లా ఒక కాగితం మీద రాసుకో. నంబరు మారితే యూనిట్ కదిలి ఉండొచ్చు. ముద్ర సరిగా కనపడకపోతే పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఫొటో తీయి. అసలువి ఎవరికీ పంపొద్దు, లామినేషన్ చేయించొద్దు, పిన్ను గుచ్చొద్దు. 1987 అక్టోబరు మూడో వారంలో ఉత్తరం ఏదైనా ఉందేమో ముందు అది చూడు. నంబర్లు ఇక్కడ పెట్టు. ఆ కాలంలో అక్కడున్నవాళ్లం ఇంకా కొంతమందిమి ఉన్నాం, ఏ నంబరు ఏ ఊరో అడిగి చెబుతాను.