బియ్యానికి లోటు లేదు, మరి పాప ఎందుకు ఎదగట్లేదు?

సెంట్రింగ్_పాలమూరు:
మాది పాలమూరు వైపు ఊరు. హైదరాబాద్ వచ్చి ఏడాది అయింది, సెంట్రింగ్ పని. వానలు మొదలయ్యాక నెలలో సగం రోజులు కూడా పని దొరకట్లేదు, ఇరవయ్యో తారీఖు దాటితే ఇంట్లో బియ్యం, చింతపండు తప్ప ఏముండదు. పాపకు 18 నెలలు. మేం ఒక పూట మానేసినా తనకు మాత్రం కడుపు నిండా పెడుతున్నాం, చారన్నం, మధ్యలో ఏడిస్తే టీలో బిస్కెట్ ముంచి. నిన్న దవాఖానలో తూస్తే 7.9 కిలోలు, ఎత్తు 74 సెంటీమీటర్లు, రెండూ తక్కువే అన్నారు. నెలకోసారి జలుబో విరేచనాలో ఉంటాయి. కానీ చూడ్డానికి మరీ బక్కగా లేదు, బుగ్గలున్నాయి. మేమిద్దరం పొట్టే, అందుకేనా? మంచి టానిక్ ఏదైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాతబస్తీ_భాయ్:
మేమంతా గంజి తాగే పెరిగాం బ్రో, ఏమైంది? పొట్టోళ్ల పిల్లలు పొట్టిగానే ఉంటారు. లైట్ తీసుకో.

నర్సు_వరంగల్:
లైట్ తీసుకునే విషయం కాదు భాయ్. గంజి తాగి పెరిగినవాళ్లం మనం కనబడుతున్నాం, పెరగనివాళ్లు ఇక్కడికొచ్చి రాయలేరు కదా.

తమ్ముడూ, ఎత్తులో అమ్మానాన్నల పోలిక కొంత ఉంటుంది. కానీ మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో సరైన తిండి, శుభ్రత ఉన్న పిల్లల్ని కొలిచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఎదుగుదల చార్టు తెచ్చింది. ఐదేళ్ల లోపు వాళ్లు ఏ దేశంలోనైనా దాదాపు ఒకేలా ఎదిగారు. 18 నెలల ఆడపిల్ల మామూలుగా 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒళ్లు బక్కచిక్కకుండా ఎత్తు ఆగిపోతుంటే ఇంట్లోవాళ్లకు తెలీదు, అందుకే బుగ్గలు చూసి మోసపోతాం.

పిడికెడు పొట్ట దానిది. అందులో చారు పోస్తే నిండుతుంది, కానీ అది నీళ్లే. పప్పు లేదు, గుడ్డు లేదు, నూనె చుక్క లేదు. తిండి చాలక రోగం వస్తుంది, రోగం వస్తే ఆకలి చస్తుంది, తిన్నది విరేచనాల్లో పోతుంది, మళ్లీ అదే చక్రం. టీ వెంటనే ఆపండి, తిండిలో ఉన్న కాస్త ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది, మీ పాపకూ ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఈసారి విరేచనాలైతే ఓఆర్ఎస్, 14 రోజులు జింక్ మాత్ర, తిండి మాత్రం ఆపొద్దు. టానిక్ సీసా డబ్బుతో గుడ్లు కొనండి.

సెంట్రింగ్_పాలమూరు:
అక్కా, అంగన్‌వాడీలో ఇస్తారంటారు గానీ మా రేషన్ కార్డు ఊళ్లోది, అడిగితే పంపించేస్తారేమో అని పోలేదు.

రిటైర్డ్_అంగన్‌వాడీ_టీచర్:
కార్డుతో పని లేదు నాయనా, ఏ ఊరి పిల్లలైనా ఇప్పుడు ఉంటున్న చోటే పేరు రాయించుకోవచ్చు. ఈ వయసుకి నెలకు 2.5 కిలోల బాలామృతం, అంటే పిల్లలకు నీళ్లలో కలిపి పెట్టే పోషకాహార పొడి, 16 గుడ్లు. బియ్యం కూడా మీ బస్తీ రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు.

ఒక మాట. నేను ఇళ్లకు పోయి చూసేదాన్ని. ప్యాకెట్ గూట్లో విప్పి ఉంటుంది, ఐదేళ్ల అన్న అరచేతిలో పోసుకుని నాకుతుంటాడు, పదో రోజుకు ఖాళీ. వాడి తప్పేముంది, వాడికీ ఆకలే! పెద్దవాడు ఉంటే వాడి పేరూ రాయించండి, సెంటర్‌లో అన్నం పెడతారు.

ఇంకోటి, 'మేం మానేస్తాం' అన్నావు. ముందు మానేసేది మీ ఆవిడే అయి ఉంటుంది. పాప ఇంకా పాలు తాగుతుంటే ఆమెను ఒక్క పూట కూడా పస్తు ఉండనివ్వకు.

సెంటర్‌లో చేతి చుట్టు టేపు పెట్టించు. 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే ఎర్ర రంగు పడుతుంది, అప్పుడు ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో పిల్లల పోషకాహార వార్డుకు తీసుకుపో, తల్లి పక్కనే ఉండొచ్చు.

సెంట్రింగ్_పాలమూరు:
పొద్దున పోయొచ్చాం. టేపు పసుపులో వచ్చింది, 12.1. ప్యాకెట్ ఇచ్చారు. పాలలా పల్చగా కలిపి పట్టమంటారా?

రిటైర్డ్_అంగన్‌వాడీ_టీచర్:
పల్చగా వద్దు. కాచి చల్లార్చిన నీళ్లలో గట్టిగా కలుపు, స్పూన్ వంచినా జారకూడదు. పైన అర స్పూన్ నూనె. ఒకేసారి తినకపోతే బతిమాలొద్దు, గంట ఆగి మళ్లీ కొత్తగా కలుపు. పసుపు అంటే ఎర్రంత ప్రమాదం కాదు గానీ తిండి చాలట్లేదనే, కాబట్టి వచ్చే నెల కాదు, పదిహేను రోజులకే మళ్లీ తూకం వేయించు.