డయాలసిస్‌లో ఉన్న మనిషితో "జబ్బుని ఒప్పుకో" అనడం సరైనదేనా?

కంచిలి అబ్బాయి:
మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నాన్నకి డయాలసిస్ మొదలై మూడు నెలలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. సెంటర్‌కి చాలా ఏళ్లుగా వస్తున్న ఒక పెద్దాయన కొత్తవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడుతుంటారు. "ముందు జబ్బుని ఒప్పుకో, తర్వాత నలుగురికీ సాయపడు, మనసు తేలికవుతుంది" అన్నారు నాన్నతో. నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "అంటే చావుకి సిద్ధపడమనే కదా" అన్నారు. ఆయన దగ్గర కూర్చోమని నాన్నని బలవంతపెట్టాలా, వదిలేయాలా?

పలాస, ఐదో ఏడు:
తమ్ముడూ, నాకు డయాలసిస్ ఇది ఐదో ఏడు. మొదట్లో నేనూ ఒప్పుకోలేదు. కొబ్బరితోటల్లో పెరిగినవాణ్ణి, బొండం తాగొద్దంటే కోపమొచ్చింది. ఎండాకాలంలో ఎవరూ చూడకుండా రెండు బొండాలు తాగేశాను. ఆ రాత్రి కాళ్లలో సత్తువ పోయింది, గుండె ఎలాగో కొట్టుకుంది. బొండంలోని పొటాషియం రక్తంలో పెరిగిపోయిందని ఎమర్జెన్సీలో చేర్చారు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే సీసాలో నీళ్లు కొలిచి పెట్టుకుంటున్నాను, రోజంతా అందులోంచే తాగుతాను. నాకు తెలిసిన ఒప్పుకోవడం అదే. చావుకి సిద్ధపడినవాడు నీళ్లు కొలుచుకుంటాడా?

కొత్తవాళ్లకి నేను ధైర్యం చెప్పను. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దని, ఆ చేత్తో బరువులు మోయొద్దని, ఒళ్లునొప్పులంటూ షాపులో బిళ్లలు కొని మింగొద్దని చెబుతాను. ఒక్కరు విన్నా ఆ రాత్రి నాకు నిద్ర పడుతుంది.

సోంపేట కోడలు:
అన్నయ్యా, మీరు చేసేది మంచిపనే. కానీ మా ఆయన మిషన్ మీంచి దిగాక సాయంత్రం దాకా లేవలేరు. "ఫలానా ఆయన్ని చూడు, తన బాధ మర్చిపోయి అందరికీ సాయం చేస్తున్నాడు" అని చుట్టాలు అనేసరికి కుమిలిపోయారు. జబ్బు మోయడమే కష్టమైన మనిషి మీద ఇంకో బరువు పెట్టడం కాదా ఇది?

ఇంకో మాట. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. సంతోషమే. కానీ మన దగ్గర ఈ జబ్బు ఎందుకొస్తోందో ఖాయంగా ఇప్పటికీ తేలలేదు. ఇన్నేళ్లూ "మన ఖర్మ" అని ఒప్పుకుంటూనే వచ్చాం. పిల్లలకి కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు, ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

పలాస, ఐదో ఏడు:
చెల్లెమ్మా, నిజమే. ఒకరిని చూపించి ఇంకొకరిని తక్కువ చేయడం తప్పు. నా పక్క మిషన్ మీద నాతో మాట్లాడుతూ ఉండే మనిషి పోయినప్పుడు రెండు నెలలు నేనూ నోరు విప్పలేదు. అప్పుడు నన్నెవరూ తొందరపెట్టలేదు, అదే మేలైంది. ఇక కారణం తేల్చమని అర్జీ పెడితే మొదటి సంతకం నాదే. నా కిడ్నీలు పోయాయని మాత్రమే నేను ఒప్పుకున్నది.

తమ్ముడూ, నాన్నని బలవంతపెట్టకు. పక్కన నువ్వు కూర్చో.

కంచిలి అబ్బాయి:
సరే అన్నా. నిన్న నాన్నే అడిగారు, కంద తినొచ్చా అని. ఉడికించి నీళ్లు వంపేస్తే సరిపోతుందా?

పలాస, ఐదో ఏడు:
చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. చారులో వాడొద్దు. అలా చేసినా పొటాషియం పూర్తిగా పోదు కాబట్టి, ఎంత తినాలో రిపోర్టు చూపించి డైటీషియన్‌నే అడగండి.