కోనసీమలో కయాక్‌లకు తగిన నీరు ఏది: పంట కాలువా, ఏటి పాయా?

రేవుమెట్లు

2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పోటీలు జరిగినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవారిలో నేనూ ఒకణ్ణి. అన్ని తెడ్లు ఒక్కసారిగా మునిగి లేస్తుంటే కలిగిన ఆలోచనను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల మీదుగా అమలాపురం వైపు సాగే కాలువల్లో నవంబరు నుంచి మార్చి వరకు కయాక్‌లను, కెనూలను అనుమతించాలని నా అభిప్రాయం.

కయాక్ అంటే కాళ్ళు ముందుకు చాపి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డును ఇటొకసారి అటొకసారి వేసుకుంటూ పోయే సన్నని పడవ. కెనూకు ఒంటి రెక్క తెడ్డు ఉంటుంది. కొల్లేటిలో తాటిమానును తొలిచి చేసే దోనె దానికి దగ్గరి చుట్టమే కనుక ఇది మనకు పూర్తిగా కొత్త విద్య కాదు. ఇంజను లేదు కాబట్టి నీటి మీద నూనె తెట్టె కట్టదు, గట్టును కోసే అలలు లేవవు. రెండు వైపులా కొబ్బరి నీడ, పక్కనే రోడ్డు, పిలిస్తే పలికే దూరంలో ఊరు ఉన్న కాలువకన్నా క్షేమమైన నీరు ఎక్కడుంటుంది? కేరళలోని అలప్పుళలో ఇరుకు కాలువల్లో చిన్న పడవలు తిప్పి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మనం ఎందుకు చేయలేకపోతున్నామో పెద్దలు చెప్పాలి.

చివరి ఆయకట్టు

రేవుమెట్లు గారూ, మా పొలం కాలువ చిట్టచివర ఉంది. మీరు చెప్పిన నవంబరు నుంచి మార్చి వరకు ఉన్న రోజుల్లో ఎక్కువ భాగం దాళ్వా, అంటే రెండో పంట వరి కాలం. వంతులవారీగా నీరు వదిలినప్పుడు మా వంతు వచ్చేసరికి చేలకు నీరు తెచ్చే బోదెలో తడి మాత్రమే మిగిలిన సంవత్సరాలు నేను చూశాను. పడవ నీళ్ళు తాగదు కదా అని మీరనవచ్చు, అది నిజమే. అయితే పడవలకు పెట్టుబడి పెట్టినవారు కాలువ మట్టం తగ్గినరోజు ఊరుకోరు, ఎగువన నీరు నిలిపి ఉంచమని ఒత్తిడి తెస్తారు. అప్పుడు ఎండేది మా చేను.

ఇంకొక మాట కూడా ఉంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మా ఊరి మంచినీటి చెరువు నింపుకునేది ఈ నీటితోనే. ఈ రేవుల్లోనే మా ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతారు, స్నానాలు చేస్తారు. వాళ్ళ ఎదుట నుంచి ముక్కూ మొహం తెలియనివారు కెమెరాలు పట్టుకుని రోజూ సాగిపోవడానికి నేను ఒప్పుకోను.

లస్కరుగారబ్బాయి

కాలువ క్షేమమైనదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా నాన్నగారు లాకుల దగ్గర లస్కరుగా, అంటే షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిగా పనిచేశారు, నా చిన్నతనమంతా షట్టర్ల చప్పుడు వింటూ గడిచింది. లాకులకు ఎగువన నీరు అద్దంలా కనబడుతుంది. కదలికంతా అడుగున ఉంటుంది. షట్టరును కొద్దిగా ఎత్తినప్పుడు కాలువ బరువంతా ఆ కింది సందులోకి దూసుకుపోతుంది, పైన తేలే వస్తువును తలుపుకు అదిమి కిందికి లాగుతుంది. ఒకసారి కొట్టుకువచ్చిన అరటిబోదె అలా అతుక్కుపోతే ఇద్దరు మగవాళ్ళు గడకర్రలతో పొడిచినా కదల్లేదు. ఆ స్థానంలో మనిషి ఉంటే లైఫ్ జాకెట్ కూడా అతణ్ణి రక్షించలేదు. దిగువ వైపు భయం మరొక రకంది: షట్టరు కింద నుంచి వచ్చిన నీరు పైకి ఎగదన్ని మళ్ళీ వెనక్కి తిరుగుతుంది, అందులో పడిన పడవ ముందుకు పోలేక అక్కడక్కడే బొంగరంలా తిరుగుతుంది.

సిమెంటు లైనింగు చేసిన చోట్ల మరో చిక్కు ఉంది. పాచి పట్టిన ఏటవాలు గోడ మీద తడికాళ్ళు నిలవవు, రెండు బారల దూరంలో రోడ్డు కనిపిస్తున్నా పైకి రాలేరు.

చరిత్ర విషయంలో మాత్రం రేవుమెట్లు గారి పక్షాన ఒక మాట చెప్పాలి. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట పనితో పాటు ఎదిగిన ఈ కాలువలను సాగుకూ పడవ ప్రయాణానికీ కలిపే తవ్వారు. లాకులు ఉన్నదే పడవను ఒక మట్టం నుంచి మరొక మట్టానికి దించడానికి. పడవల రాకపోకలు ఆగిపోయాక ఆ తలుపులు చాలాచోట్ల తుప్పు పట్టాయి. నేడు కయాక్ లాకు దాటాలంటే దిగి భుజాన వేసుకుని గట్టు వెంట నడవాలి. ఆ పని ఎక్కడ చేయాలో హెచ్చరించే బోర్డు, కాలువకు అడ్డంగా కట్టిన తేలుడు తాడు లేకుండా ఎవరినీ నీటిలోకి దించకూడదు.

కొచ్చిలో తెలుగువాడు

అలప్పుళ పోలిక కుదరదు. అక్కడి కాలువలు ‘కాయలు’ అని పిలిచే సముద్రతీరపు సరస్సుతో ఒకే మట్టంలో ఉంటాయి, కుట్టనాడులో పొలాలే నీటికన్నా పల్లంలో ఉంటాయి. నీరు నెమ్మదిగా కదులుతుంది, షట్టరు వైపు ఎవరినీ లాక్కుపోదు. మనది వాలు మీద పారే సాగునీరు. కేరళతో పోల్చదగిన నీరు కోనసీమలో ఉన్నదంటే అది సముద్రానికి దగ్గరగా పాయల్లోనే ఉంది.

రేవుమెట్లు

లస్కరుగారబ్బాయి గారు చెప్పిన అరటిబోదె సంగతి చదివాక లాకుల దగ్గర అనుమతించాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. గట్టు మీద నుంచి చూసిన కంటికి అది కనబడలేదు. రేవుల్లో ఆడవాళ్ళ ఇబ్బంది కూడా నాకు తట్టలేదు, తట్టవలసింది. అయితే పాయ పేరెత్తగానే ఇంట్లోవాళ్ళు కచ్చులూరు గుర్తుచేస్తారు. 2019 సెప్టెంబరు 15న 77 మందితో పాపికొండలకు బయలుదేరిన బోటు మునిగిన తరువాత గోదావరి మీద చిన్న పడవ అన్న మాట ఏ తల్లి వింటుంది?

మొగదారి

గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఒడ్డున పుట్టినవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తాను. కచ్చులూరు దుర్ఘటన కొండల నడుమ వరద గోదావరిలో, నిండా మనుషులున్న ఇంజను బోటుకు జరిగింది. బోడసకుర్రు వంతెనకు దిగువన శీతకాలపు వైనతేయం వేరే నీరు. ధవళేశ్వరం దాటి వచ్చే ప్రవాహం అప్పటికి దాదాపు ఆగిపోతుంది, పాయను నడిపేది సముద్రమే. సుమారు ఆరు గంటలు నీరు ఎక్కే పోటు, ఆరు గంటలు నీరు తీసే పాటు. పోటుతో ఎగువకు వెళ్ళి, నీరు తిరిగే వేళ లంక దగ్గర ఆగి, పాటుతో దిగువకు వచ్చేవాడికి చేతులు నొప్పి పుట్టవు. లెక్క తప్పినవాడు గంటసేపు తెడ్డు వేసినా అదే కొబ్బరిచెట్టు ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేస్తుంది కనుక ఉదయం పదింటికల్లా ఒడ్డు చేరాలి.

నా దృష్టిలో దాటరాని గీతలు రెండు ఉన్నాయి. ఒకటి ఓడలరేవు దగ్గర మొగ, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు. పాటు నీరు సముద్రపు అలకు ఎదురు కొట్టే ఆ చోట పెద్ద పడవల మీద వెళ్ళే వేటగాళ్ళే వేళ చూసుకుని దాటుతారు, కయాక్‌కు అక్కడ పనిలేదు. రెండవది వరద. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు, అంటే పది లక్షల క్యూసెక్కులకు, మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకల్లో పడవ ఎక్కినవారికి అంతకన్నా ముందే నీటి రంగు మారడం తెలుస్తుంది. జూలై నుంచి అక్టోబరు మొదలు వరకు పాయలను పూర్తిగా మూసివేయాలి, మినహాయింపులు ఉండకూడదు. నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చిన రోజులకూ అదే నియమం. 1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రిని మా తరం మరచిపోలేదు.

గోదావరి మరో పాయ వశిష్ఠలో దిండి పరిసరాలు కూడా అనువైనవే, కాని సఖినేటిపల్లి, నరసాపురం మధ్య మనుషులనూ బండ్లనూ దాటించే పంటు తిరిగే దారికి కయాక్‌లు దూరంగా ఉండాలి. పంటు ఒక్కసారిగా ఆగలేదు, పక్కకు తిరగలేదు.

ఇక నేను పట్టుబట్టే విషయం ఒకటుంది. ప్రతి గుంపుకూ ముందు వెళ్ళే పడవలో ఆ పాయలో వలవేసే మనిషే ఉండాలి, అతనికి రోజు కూలి కాకుండా వచ్చినదాంట్లో వాటా ఉండాలి. రాత్రి కట్టిన వల ఎక్కడుంది, పాతిన కర్ర ఏ నీటిలో మునిగి ఉంది, ఏ ఇసుకమేట నిన్నటికన్నా జరిగింది అన్నది అతనికి తప్ప పట్నం నుంచి శిక్షణ పొంది వచ్చిన కుర్రవాడికి తెలియదు.

మడచెట్టు

కోరింగ మడ అడవులనూ ఈ జాబితాలో చేర్చమని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే రాస్తున్నాను. అది 1978లో ప్రకటించిన అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. అనుమతి ఇచ్చినా ఒక సంగతి ఆలోచించాలి. చప్పుడు లేని పడవ పక్షికి హాని చేయదని అందరూ అనుకుంటారు. మరబోటు లోతు నీటిలో ఒకే దారిన పోతుంది, దాని చప్పుడు దూరం నుంచే వినబడుతుంది. కయాక్ జానెడు నీటిలో కూడా సాగుతుంది కనుక బురదమేట మీద మేసే ఉల్లంకుల దాకా, నీటికుక్క పిల్లలు దాగిన గట్టు దాకా వెళ్ళిపోతుంది. శీతకాలమంతా పదే పదే లేచి ఎగిరితే, తిరుగు ప్రయాణానికి దాచుకోవలసిన కొవ్వును వలసపక్షి ఆ ఎగురుళ్ళలోనే ఖర్చు చేస్తుంది. మనకు అనుకూలమైన కాలమే వాటికి ప్రాణాధారమైన కాలం. కొల్లేటిలో ఆటపాక గూడబాతుల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి, గూళ్ళున్న చెట్ల దాపుకు ఏ పడవా వెళ్ళకూడదు. మడ అడవి అంచున పెద్ద పాయ వరకే పరిమితమై, చీలికపాయల్లోకి తిరగకుండా ఉంటామంటే నాకు అభ్యంతరం లేదు.

రేవుమెట్లు

మొగదారి గారి మాట ప్రకారం నా ప్రతిపాదనను మారుస్తున్నాను. బోడసకుర్రు నుంచి మొగకు బాగా ఎగువన ఆగిపోయేలా వైనతేయంలో ఒకే ఒక దారి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఉదయం పూట మాత్రమే, వేటగాళ్ళ సంఘం చేతిలో. అయినా పంట కాలువను పూర్తిగా వదులుకోలేకపోతున్నాను. పాయలో దిగే ముందు పిల్లలు తెడ్డు పట్టడం నేర్చుకోవడానికి లాకులకు దూరంగా, లైనింగు లేని మట్టిగట్టు ఉన్న అర కిలోమీటరు చాలు.

చివరి ఆయకట్టు

వైనతేయం గురించి నాకు పేచీ లేదు, అక్కడి నీటితో మా చేను తడవదు. కాలువలో అర కిలోమీటరు మాట మా నీటి సంఘం సమావేశానికి తీసుకువెళతాను. స్నానాల రేవు లేని చోటే ఉండాలి, మట్టం ఎంత తగ్గినా షట్టరు మాట ఎత్తకూడదు. ఈ రెండూ రాసి ఇస్తే మిగిలినవారిని ఒప్పించే ప్రయత్నం చేస్తాను. నేర్చుకునేవారిలో మా ఊరి పిల్లలకు రుసుము ఉండదని మూడవ షరతుగా చేర్చండి.