నేరోబోటులో ఒక రోజు: లాకులు మనమే తియ్యాలా?

గన్నవరం కాలువ:

నమస్కారం. మేము ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. వచ్చే నెల ఒక శనివారానికి మూడు కుటుంబాల వాళ్లం కలిసి నేరోబోటు (కాలువల్లో నడిచే సన్నని, పొడవాటి పడవ) అద్దెకు తీసుకున్నాం. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ఇద్దరు, పి.గన్నవరం నుంచి వచ్చిన మా నాన్నగారు (74 ఏళ్లు). ఉదయం 9కి వుల్వర్టన్ దగ్గర ఎక్కి, గ్రాండ్ యూనియన్ కాలువ మీద స్టోక్ బ్రూయర్న్ చేరి, అక్కడి ఏడు లాకులూ (నీళ్లు నింపి, వదిలి పడవను పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులు) ఎక్కి, బ్లిస్‌వర్త్ సొరంగం కూడా చూసి, సాయంత్రం 5కి పడవ అప్పగించాలని అనుకుంటున్నాం. మాలో ఎవరికీ పడవ నడపడం రాదు. లైసెన్సు అక్కర్లేదన్నారు, నాకు అదే భయంగా ఉంది. మా ఊరి వైపు లాకుల దగ్గర లస్కరు ఉంటాడు, తలుపులు ఆయనే తీస్తాడు. ఇక్కడ కూడా అలా ఎవరైనా ఉంటారా?

చుక్కాని:

లస్కర్లు మీరేనండి. పెద్ద లాకుల వరసల దగ్గర స్వచ్ఛంద సేవకులు కనిపించవచ్చు గాని, వాళ్ల మీద ఆధారపడి బయలుదేరకండి.

ముందు లెక్క చూసుకోండి. కాలువ మీద గంటకు 4 మైళ్లు మించకూడదు. గట్టుకు కట్టిన పడవల పక్కన వెళ్లేటప్పుడు ఇంకా తగ్గించాలి, లేకపోతే లోపల టీ తాగేవాళ్లు కిటికీ తెరిచి మరీ చెబుతారు. అంటే గంటకు 3 మైళ్లు అనుకోండి. వుల్వర్టన్ దాటాక వచ్చే కాస్‌గ్రోవ్ నుంచి స్టోక్ బ్రూయర్న్ అడుగు లాకుకు, అంటే ఏడింటిలో అన్నిటికంటే కిందిదానికి, దాదాపు రెండు గంటలు. లాకుకు పావుగంట, కొత్తవాళ్లకు ఇరవై నిమిషాలు. ఏడు లాకులకు రెండు గంటల పైనే. సొరంగం 2,813 మీటర్లు. ఇదంతా మళ్లీ వెనక్కి రావాలి. మీరు పడవ అప్పగించేది చీకటి పడ్డాకే.

నా మాట వినండి. వుల్వర్టన్ దాటగానే గ్రేట్ ఊజ్ నది మీదుగా ఇనుప తొట్టిలో కాలువ వెళ్తుంది. 1811లో కట్టినది. అంతకు ముందు ఇటుకలతో కట్టినది 1808లో కూలిపోయింది. మీ నాన్నగారికి పి.గన్నవరంలో వైనతేయ నది మీది అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) గుర్తొస్తుంది. ఆ తర్వాత కాస్‌గ్రోవ్ లాకు, ఎత్తు మూడు నాలుగు అడుగులే. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. మొదటిసారికి ఆ ముచ్చట చాలు. స్టోక్ బ్రూయర్న్‌లో అడుగు లాకు కిందే పడవ కట్టేసి, గట్టు వెంట నడిచి పైకి వెళ్లండి. కాలువల మ్యూజియం ఉంది, ఏడు లాకుల్లోనూ ఇతరులు పడే తిప్పలు ఉచితంగా చూడవచ్చు. పడవ ఎక్కడ తిప్పుకోవాలో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. 60 అడుగుల పడవ ఎక్కడ పడితే అక్కడ తిరగదు, అందుకు గట్టును లోపలికి తవ్విన చోట్లు ఉంటాయి.

లాకు సంగతి. తలుపుల్లో, పక్క గోడల్లో నీళ్లు వదిలే తూములు ఉంటాయి, వాటిని పాడిల్స్ అంటారు. వంకర ఇనుప పిడితో, అంటే విండ్లాస్‌తో తిప్పి ఎత్తాలి. రెండు వైపులా నీళ్లు సమమయ్యే దాకా పదిమంది తోసినా తలుపు కదలదు. సమం కాగానే ఒక్కరు తలుపుకు ఉన్న పొడుగు దూలానికి వీపు ఆనించి నెడితే చాలు. ఎక్కేటప్పుడు పక్క గోడల తూములు ముందు, తలుపులవి ఆ తర్వాత, కొద్దికొద్దిగా. లేకపోతే ముందు కూర్చున్నవాళ్లకు స్నానమే.

దిగేటప్పుడు సిల్ ఒక్కటీ మరవకండి. పై తలుపుల కింద నీళ్లలో రాతి గడప ఉంటుంది. ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత చెబుతుంది. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. నాలుగేళ్ల కిందట మా బావమరిది చుక్కాని పట్టుకుని ఫొటోకు నవ్వుతుండగా పడవ మెల్లగా వెనక్కి జరిగింది. నీళ్లు దిగాయి, వెనక భాగం గడప మీద కూర్చుంది, ముక్కు కిందికి వంగింది. లోపల గిన్నెలన్నీ దొర్లిన చప్పుడు. గట్టు మీద కుక్కతో నడుస్తున్న ఒకావిడ అరుచుకుంటూ వచ్చి కింది తూములు మూయించి, పై తూములు ఎత్తించింది. నీళ్లు మళ్లీ నిండాక పడవ దానంతట అదే తేలింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే మునిగేదే. ఆ ఫొటో మా అక్క ఇప్పటికీ ఎవరికీ చూపించనివ్వదు.

అందుకే లాకు దిగుతున్నంతసేపూ ఒక మనిషి తూము దగ్గరే, పిడి చేతిలో పట్టుకుని నిలబడాలి. మోకును గుంజకు ఒక చుట్టు వేసి చేత్తో వదులుతూ ఉండాలి తప్ప ముడి వెయ్యకూడదు. వేస్తే నీళ్లు దిగిపోతాయి, పడవ ఉరిపోసుకున్నట్టు వేలాడుతుంది.

పులిహోర డబ్బా:

ఆయన భయపెట్టారు గాని హాయిగా ఉంటుందండి. చుక్కాని పిడి కుడికి నెడితే పడవ ఎడమకు వెళ్తుంది, అరగంటలో అలవాటవుతుంది. ఎదురు పడవ వస్తే కుడి పక్కకు తప్పుకోండి. కారు అలవాటుతో నేను ఎడమకు తప్పుకుని ఒకాయన చేత చివాట్లు తిన్నాను. పడవ బరువుగా లాగుతుంటే నీళ్లలో తిరిగే పంకాకు ప్లాస్టిక్ సంచో గుడ్డో చుట్టుకుందన్నమాట. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. పిల్లలకు లైఫ్ జాకెట్లు పొద్దున్నే వేసెయ్యండి. పులిహోర, పెరుగన్నం కలిపి తీసుకెళ్లండి. పడవలో పొయ్యి ఉన్నా లాకు మధ్యలో ఎవరికీ వంట గుర్తుండదు.

గన్నవరం కాలువ:

వెళ్లొచ్చాం. చుక్కాని గారూ, మీ లెక్కే నిజమైంది. అడుగు లాకు దగ్గరే ఆగినా పడవ అప్పగించేసరికి 5:40.

నాన్నగారిని లోపల కూర్చోబెట్టాలనుకున్నాం. ఇనుప తొట్టి మీద ఒక్క క్షణం కిందికి చూసి, "మన గన్నవరంది దీనికంటే ఎంతో పొడుగు" అనేసి ఊరుకున్నారు. కాస్‌గ్రోవ్ లాకు దగ్గర మాత్రం ఎవరూ పిలవకుండానే దిగిపోయారు. తలుపులు రెండూ మూసుకున్నప్పుడు మొన ఎగువ వైపు ఎందుకు ఉంటుందో పిల్లలకు రెండు అరచేతులూ కలిపి చూపించారు: నీళ్లు నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయని. తన చిన్నప్పుడు పెద్దత్త పెళ్లికి పడవలో వెళ్తూ లాకులో గంటసేపు ఆగిపోయారట, ధాన్యం పడవలు ముందు ఉండటం వల్ల. పెళ్లివారి కాజాలు అక్కడే సగం అయిపోయాయట. ఈ కథ నేను ఇంతవరకు వినలేదు. తిరుగు ప్రయాణంలో తెల్ల గీత దగ్గర కాపలా ఆయనదే. మా స్నేహితుడు అంగుళం వెనక్కి వచ్చినా "ముందుకు, ముందుకు" అని తెలుగులోనే కేకలు. పక్కన తమ పడవతో లాకులోకి వచ్చిన ఇంగ్లీషు దంపతులు కూడా ఆ కేకకు ముందుకు జరిపారు.

ఒక నష్టం. విండ్లాస్ ఒకటి నా చేతిలోంచి జారి కాస్‌గ్రోవ్ లాకులో పడింది, డబ్బు కట్టాను. అయస్కాంతంతో కాలువలు వెతికేవాళ్లు ఎవరైనా అటు వెళ్తే, దాని పిడికి నీలం టేపు చుట్టి ఉంటుంది.