నాలుగో తరగతి పూర్తయిన పిల్లవాణ్ణి బడి మాన్పించి ఇంట్లో చదివించవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది నాలుగో తరగతి పూర్తి చేశాడు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడే వేళకు ఇల్లు చేరతాడు. ఆ తర్వాత హోంవర్కు, వారాంతపు పరీక్షల చదువు. కథల పుస్తకాలంటే వాడికి ప్రాణం, కాని వాటిని తెరిచే తీరికే ఉండడం లేదు. వచ్చే ఏడాది నుంచి ఐఐటీ ఫౌండేషన్ తరగతులు కూడా ఉంటాయని బడివాళ్లు చెప్పినప్పటి నుంచి, కొన్నేళ్లపాటు ఇంట్లోనే చదివిస్తే ఎలా ఉంటుందని మేమిద్దరం ఆలోచిస్తున్నాం. చట్టం దీనికి ఒప్పుకుంటుందా, పదో తరగతి పరీక్ష ఎలా రాయాలి, స్నేహితులు లేక పిల్లవాడు ఒంటరివాడైపోతాడా అన్నవి మా సందేహాలు. అనుభవం ఉన్నవారు, ఈ పద్ధతిని వ్యతిరేకించేవారు కూడా చెప్పగలరని మనవి.

జవాబు 1 (హైదరాబాద్ నుంచి, పిల్లలను ఇంట్లో చదివిస్తున్న ఒక తండ్రి)

నమస్తే అండి. ముందుగా చట్టం సంగతి. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా చేసింది; ఆ హక్కు కోసం తెచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని పదో సెక్షన్ చెబుతుంది కాని, చేర్పించనివారికి ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదు. ఇంటి చదువుకు అనుమతి ఇచ్చే మాట కూడా అందులో ఎక్కడా లేదు. ఈ అస్పష్టత తెలిసే అడుగు వేయాలి.

పరీక్షలకు మాత్రం దారి స్పష్టంగా ఉంది. బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే వీలిచ్చే కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి. పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతికి నేరుగా నమోదు కావచ్చు, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఉత్తీర్ణులైన సబ్జెక్టును మళ్లీ రాయనక్కరలేదు. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తాయి. ఓపెన్ స్కూల్లో చదివినవారు నీట్‌కు అర్హులు కారన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. ధ్రువపత్రాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. బడి మాని ఇంట్లో చదువుకుని, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్) ఒలింపియాడ్‌లో మూడుసార్లు పతకాలు గెలిచిన ముంబై అమ్మాయి మాళవికా జోషికి 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు వచ్చింది కాని, పన్నెండో తరగతి ధ్రువపత్రం లేనందున ఐఐటీలో చేరే వీలు లేకపోయింది.

ఇక లాభం గురించి. మా పెద్దమ్మాయికి భిన్నాలు ఒక పట్టాన ఎక్కలేదు. తరగతిలో అయితే పాఠం ముందుకు వెళ్లిపోయేది, తను అక్కడే మిగిలిపోయేది. ఇంట్లో కాబట్టి అర్థమయ్యేదాకా ఆగాం. అదే కాలంలో తెలుగు వాచకాలు ఒకదాని వెంట ఒకటి చదివేసింది. ఏ సబ్జెక్టుకు ఎంత కాలం కావాలో పిల్లలే చూపిస్తారు, దాన్ని గమనించే తీరిక పెద్దవాళ్లకు ఉండాలి. ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకుంటూ పక్కనే చదివించవచ్చు అనుకుంటే అది సాగదు. ఒకరి జీతం తగ్గడానికో, పూర్తిగా పోవడానికో మీరు సిద్ధపడాలి.

జవాబు 2 (వికారాబాద్ జిల్లా నుంచి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు)

అమ్మా, మీ ఆవేదన న్యాయమైనదే, బాధ్యతగల తల్లిదండ్రులు పిల్లలకు ఇంట్లో చక్కగా చదువు చెప్పగలరన్న విషయంలో నాకు సందేహం లేదు. నా అభ్యంతరం వేరు. పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టిననాడు, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కవేయాలని పట్టుబట్టింది. ఆ కృషికే దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. ఆడపిల్ల ఇంట్లో పని నేర్చుకుంటోందనో, పత్తి చేలో అమ్మకు సాయపడుతోందనో చెప్పే మాటను ఒప్పుకోకపోవడం వల్లనే ఎందరో పిల్లలు బడి గడప తొక్కారు. ఇంట్లో చదువుతున్నారన్న మినహాయింపును చట్టం రాతపూర్వకంగా ఇస్తే, దాన్ని మీవంటివారి కంటే ముందు వాడుకునేది పిల్లలను పనికి పంపేవారూ, తొమ్మిదో తరగతిలోనే పెళ్లి కుదిర్చేవారూ అని నా భయం.

మరొక సంగతి ఉంది, అది మీ ఇంటికీ వర్తిస్తుంది. పిల్లవాడికి నల్లబల్ల సరిగా కనబడడం లేదని, ఉన్నట్టుండి మాట తగ్గించాడని, ఒంటిమీద దెబ్బలున్నాయని చాలాసార్లు మొదట గమనించేది ఉపాధ్యాయులో తోటి పిల్లలో. బాల్యవివాహాల కబురు కూడా మాకు ఎక్కువగా స్నేహితురాళ్ల ద్వారానే చేరుతుంది. ఎంత ప్రేమగల ఇల్లయినా, బయటి మనిషి ఒకరు పిల్లవాణ్ణి ప్రతిరోజూ చూడడం అవసరమని నేను నమ్ముతాను. అన్ని కులాల పిల్లలూ బడిలో కలిసి పెరుగుతారన్న వాదన మాత్రం నేను చేయను, ఎందుకంటే ఫీజును బట్టి పిల్లలు విడిపోయిన ఈ రోజుల్లో ఆ మాట మా సర్కారు బడుల విషయంలో కూడా పూర్తి నిజం కాదు. గాంధీజీ తన కొడుకులకు దక్షిణాఫ్రికాలో ఇంట్లోనే చదువు చెప్పారు. బడి చదువు దక్కలేదన్న బాధ వారిలో ఉండిపోయిందని ఆయనే రాశారు. మీ అబ్బాయి అభిప్రాయం కూడా అడగండి.

జవాబు 3 (అమెరికాలోని డల్లాస్ నుంచి ఒక తల్లి)

టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా పరిగణించాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తీర్పు ఇచ్చింది. చదవడం, వర్ణక్రమం, వ్యాకరణం, గణితం, పౌరధర్మం నేర్పితే చాలు. రాష్ట్రం తనిఖీకి రాదు, పరీక్ష పెట్టదు. న్యూయార్క్‌లో అలా కాదు, ఏటా ప్రణాళిక సమర్పించి, మూడు నెలలకొకసారి నివేదిక పంపాలి. మాస్టారు చెప్పిన బయటి చూపు ఆ రాష్ట్రంలో కొంత ఉంది, ఇక్కడ లేదు, అందుకే నాకు అక్కడి పద్ధతే సబబనిపిస్తుంది. స్నేహాల విషయానికి వస్తే, మేము నాలుగైదు కుటుంబాలు కలిసి వారంలో కొన్ని రోజులు పిల్లలను ఒకచోట చేర్చి పాఠాలు పంచుకుంటాం, తెలుగు నేను చెబుతాను. అటువంటి తోడు దొరకకపోతే ఒంటరితనం పిల్లలకంటే ముందు తల్లికి వస్తుంది.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. పిల్లవాణ్ణి అడిగాం, బడి వద్దు కాని స్నేహితులు కావాలన్నాడు. ఒక ఏడాది చూసి, కుదరకపోతే మళ్లీ బడిలో చేర్చుకుంటారా?

జవాబు 2 రాసిన ఉపాధ్యాయుడు

చేర్చుకుంటారమ్మా. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇప్పుడు బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకుని దాచుకోండి. బడి బయటి పిల్లల సర్వేకు సీఆర్పీ (కొన్ని బడులకు కలిపి విద్యాశాఖ నియమించే క్షేత్ర సిబ్బంది) మీ ఇంటికి వస్తే విషయం దాచకుండా చెప్పి, పిల్లవాడి నోటు పుస్తకాలు చూపించండి. స్నేహితుల కోసం సాయంత్రం వేళ ఆటల శిక్షణకు పంపినా, వాడి పాత బడి పిల్లలు ఆడుకునే చోటికి పంపినా మంచిదే.